శాంతి విభాగానికి దాత పెట్టిన షరతు

శాంతి, సంఘర్షణ పరిష్కార అధ్యయన విభాగంలో కాంట్రాక్టు లెక్చరర్‌గా చేరిన రోజున మా విభాగాధిపతి నాకిచ్చిన మొదటి సలహా, పక్క గదివాళ్లతో మాట్లాడవద్దని.

పక్క గది గ్రామీణాభివృద్ధి విభాగం. రెండు విభాగాలకూ ఒకటే వరండా, వరండాలో ఒకటే నీళ్ల ఫిల్టరు. దాన్ని ఎవరి గోడకు బిగించాలన్న దగ్గర ఇద్దరు ప్రొఫెసర్లకూ మాట పెరిగి, చివరికి మాటలే పోయాయి. చదువుకునే రోజుల్లో ఇద్దరూ అనంతపురంలో ఒకే గదిలో అద్దెకున్నవాళ్లు. ఉద్యోగాలు వచ్చాక చాలాకాలం ఒకే స్కూటర్ మీద యూనివర్సిటీకి వచ్చేవారని పాతవాళ్లు చెప్పేవారు. గొడవ తర్వాత యూనివర్సిటీ ఇంజనీరు ఎవరికీ నొప్పి కలగకూడదని ఫిల్టరును వరండా మధ్య స్తంభానికి బిగించాడు. అక్కడ కరెంటు ప్లగ్గు లేదు. అందువల్ల నేను చూసినంతకాలం దాంట్లోంచి ఒక్క చుక్క నీళ్లు రాలేదు. అందరం ఇళ్ల నుంచి సీసాల్లో తెచ్చుకునేవాళ్లం.

రెండు విభాగాల మధ్య రాకపోకలన్నీ మా అటెండర్ చేతుల మీదుగా నడిచేవి. ఆమె బుక్కరాయసముద్రం నుంచి సిటీ బస్సులో వస్తుంది. అందరం అక్కా అంటాం. మా సార్ ఒక లేఖ రాస్తారు, దానికి నంబరు, తేదీ వేస్తారు. అక్క దాన్ని పది అడుగులు మోసుకెళ్లి పక్క సార్ బల్ల మీద పెడుతుంది. "పై విషయమై తమ లేఖ అందినది" అంటూ పక్క సార్ జవాబు రాస్తారు. అక్క మళ్లీ పది అడుగులు నడుస్తుంది. పరీక్షల హాలు ఎవరికి ఏ రోజు, ప్రొజెక్టర్ ఎవరి దగ్గర ఉంది, సుద్దముక్కల పెట్టె ఎవరు తీసుకున్నారు, అన్నీ ఇలాగే తేలేవి.

నేను చెప్పే పేపరు సంభాషణ మీద. "మధ్యవర్తి లేకుండా, ఎదుటి మనిషి ముఖం చూసి మాట్లాడటం మొదటి మెట్టు" అని బోర్డు మీద రాస్తుంటే, కిటికీ బయట అక్క కాగితం పట్టుకుని పోతూ ఉండేది. పిల్లలు ఆమె వైపు చూసి, తర్వాత నా వైపు చూసేవారు. నేను బోర్డు తుడిచి తర్వాతి మెట్టుకు వెళ్లేదాన్ని.

విభాగానికి పెద్దగా నిధులు లేవు. పైనుంచి ఏమీ రాదని, దాతలను వెతుక్కోవాలని వైస్ ఛాన్సలర్ గారు ఒక సమావేశంలో తేల్చేశారు. మా సార్ ఉత్సాహవంతులు. రంగుల కరపత్రం ఒకటి వేయిద్దామన్నారు. రాసే పని నాది. టౌనులో ప్రింటింగ్ ప్రెస్సు ఆయనకు పావురం బొమ్మ దొరక్క, పెళ్లిపత్రికల బొమ్మల్లోంచి చిలకను తీసి దానికి తెల్లరంగు వేశాడు. ముక్కు మాత్రం ఎర్రగానే ఉండిపోయింది. ఆ చిలకతోనే కరపత్రాలు గ్రానైట్ యజమానులకు, బోరుబండ్ల యజమానులకు, కాంట్రాక్టర్లకు వెళ్లాయి. చాలాకాలం ఎవరూ పలకలేదు. పలికిన ఒక్క గ్రానైట్ యజమాని, పక్క క్వారీ వాళ్లతో తన హద్దు తగాదా ఉందని, దాన్ని తనవైపు పరిష్కరిస్తే విభాగానికి తప్పక సాయం చేస్తానని రాశాడు. మా సార్ దాన్ని కూడా ఫైలులో పెట్టించారు.

ఆ తర్వాత ధర్మవరం నుంచి ఒక ఉత్తరం వచ్చింది. పట్టుచీరల వ్యాపారం చేసే పెద్దాయన చేతిరాతతో రాసింది. మగ్గం మీద కూర్చుని మొదలుపెట్టి కొట్టు దాకా వచ్చినవాడినని, భార్య ఏడాది కిందట పోయిందని, వాళ్ల వీధిలో ఎవరికి తగాదా వచ్చినా ఆమె దగ్గరికే వచ్చేవాళ్లని, ఆమె పేరు మీద శాంతి బడికి ఏమన్నా చేయాలని ఉందని అందులో ఉంది. కరపత్రం ఆయనకు ఎలా చేరిందో తెలియదు. చీర చుట్టడానికి తెచ్చిన పాత కాగితాల్లో దొరికిందని తర్వాత ఆయనే చెప్పాడు.

ఉత్తరం ఒక్క రోజులో వీసీ గారి దాకా పోయింది. మూడు రోజుల్లో భవనం ప్లాను తయారైంది. రెండంతస్తులు, గుండ్రటి సమావేశ మందిరం, ముందు ఒక ఫౌంటెన్. యూనివర్సిటీ జీపిచ్చి మా సార్‌నూ నన్నూ ధర్మవరం పంపారు.

పెద్దాయన మమ్మల్ని కొట్టులో కాకుండా వెనక మగ్గాల ఇంట్లో చాప మీద కూర్చోబెట్టాడు. మగ్గాల చప్పుడుకు ఏం మాట్లాడినా కాస్త గట్టిగా మాట్లాడాలి. మా సార్ ప్లాను పరిచి ఒక్కొక్క గదినీ వేలుతో చూపిస్తూ వచ్చారు. ఆయన ఓపికగా చూశాడు. ఫౌంటెన్ దగ్గర మాత్రం ఆగి, "దీనికి నీళ్లు యాడ్నుంచి తెస్తారప్పా?" అని అడిగాడు. ఆ సంగతి ఇంజనీరింగ్ విభాగం చూసుకుంటుందని సార్ చెప్పారు.

తర్వాత నేను పుస్తకం తీసి, అమ్మగారి గురించి చెబితే రాసుకుంటానన్నాను. సౌమ్యత, సహనం, చిరునవ్వు లాంటి మాటలు కొత్త కరపత్రానికి ముందే సిద్ధం చేసుకుని వెళ్లాను. ఆయన నా వైపు జాలిగా చూశాడు.

"మా ఇంటామె శాంతమైన మనిషి కాదమ్మా. నోరు పెద్దది. తగాదా పడినోళ్లిద్దర్నీ పిలిపిచ్చి, ఇదో ఈ చాప మీదనే కూర్చోబెట్టి తిడతాండె. ఇద్దరూ ఏకమై ఆమెను తిట్టేదాకా ఇడ్సేది కాదు. ఆడికి వాళ్ల తగాదా సగం అయిపోయినట్టే."

నేను కలానికి మూత పెట్టేశాను. సార్ చిన్నగా దగ్గి, అది కూడా ఒక గుర్తింపు పొందిన విధానమేనని, దానికి శాస్త్రీయంగా వేరే పేరుందని అన్నారు. పెద్దాయన ఆ పేరేమిటని అడగలేదు. ఆయన అడిగింది వేరే.

"సారూ, తప్పనుకోకండి. మీకు ఎవరితోనన్నా మాటల్లేకుండా ఉండాయా?"

తనకు లోకంలో ఎవరితోనూ విభేదం లేదని, ఉంటే ఈ విభాగానికి అధిపతిగా ఉండే అర్హతే ఉండదని సార్ చెప్పారు. పెద్దాయన నన్నూ అదే అడిగాడు. అందరితోనూ బాగానే ఉంటానన్నాను. అది అబద్ధం. ఆ మాట అంటున్నప్పుడే మా చెల్లెలు గుర్తొచ్చింది.

మా జీపు డ్రైవరు నీళ్ల కోసం లోపలికి వచ్చి గుమ్మం దగ్గర చెంబు పట్టుకుని నిలబడి ఉన్నాడు. అతను చెడ్డవాడు కాదు. అడిగినదానికి సరైన జవాబు రాలేదనుకుని సాయం చేశాడు. "మా సార్‌కూ పక్క సార్‌కూ నాలుగేండ్లుగా మాటల్లేవు గదా పెద్దాయనా. ఫిల్టరు కాడ వచ్చినాది."

మగ్గాల చప్పుడు వినిపిస్తూనే ఉంది. పెద్దాయన ప్లానును జాగ్రత్తగా మడిచి సార్ చేతిలో పెట్టాడు. ముందు వాళ్లిద్దరూ మాట్లాడుకోవాలని, మాట్లాడుకున్నాక తనకు చెబితే ఎంతైనా ఇస్తానని అన్నాడు. దాతలు పెట్టే షరతులు మా యూనివర్సిటీకి కొత్త కాదు. పేరు ఎంత పెద్ద అక్షరాల్లో ఉండాలి, ఫోటో ఎక్కడ పెట్టాలి, బావమరిదికి ఉద్యోగం ఉంటుందా లాంటివన్నిటికీ మా దగ్గర నమూనా ఒప్పందాలున్నాయి. ఈ షరతుకు మాత్రం నమూనా లేదు.

తిరుగు దారిలో సార్ డ్రైవరుతో మాట్లాడటం మానేశారు. కిటికీ తెరవమని, ఏసీ వేయమని నాతో చెబితే నేను అతనితో చెప్పేదాన్ని.

యూనివర్సిటీ ఈ విషయాన్ని చాలా తీవ్రంగా తీసుకుంది. ఇద్దరు ప్రొఫెసర్లూ వెంటనే మాట్లాడుకోవాలని రిజిస్ట్రారు గారు ఉత్తర్వు ఇచ్చారు. మాట్లాడుకున్నట్టు రుజువు కావాలి కాబట్టి సమావేశం తీర్మానాలు రాయమన్నారు. రాసే పని మళ్లీ నాదే. "ఉభయులు సుహృద్భావ వాతావరణంలో సుదీర్ఘంగా సంభాషించి పరస్పర అవగాహనకు వచ్చిరి" అని రాశాను. అక్క దాన్ని తీసుకెళ్లి మా సార్ గదిలో ఒక సంతకం పెట్టించుకుని, పది అడుగులు నడిచి పక్క గదిలో ఇంకొక సంతకం పెట్టించుకుని వచ్చింది. "సుదీర్ఘంగా" అన్న మాట ఎక్కువైందని పక్క సార్ కొట్టేశారు. కొట్టివేతకు తన సమ్మతి లేదని మా సార్ పక్కన రాశారు. దాంతో మళ్లీ శుద్ధప్రతి టైపు చేయాల్సి వచ్చింది.

ఫోటో కూడా తీశారు. వీసీ గారి గదిలో ఇద్దరినీ నిలబెట్టి చేతులు కలపమన్నారు. ఇద్దరూ చేతులు కలిపి కెమెరా వైపు చూశారు. ఒకరి ముఖం ఒకరు చూడమని ఫోటోగ్రాఫర్ ఎంతగా బతిమాలినా వాళ్ల మెడలు తిరగలేదు. తీర్మానాలూ ఫోటో కలిపి రిజిస్టర్డ్ పోస్టులో ధర్మవరం పంపాం.

నాలుగు రోజులకు పెద్దాయన నాకు ఫోన్ చేశాడు. ఫోటో బాగుందన్నాడు. "కానీ ఇద్దరూ ఫోటో తీసేవాని తట్టు చూస్తాండారు గదమ్మా. వాళ్లు మాట్లాడింది వానితోనా?" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. సార్‌కు ఈ మాట చేరవేసినప్పుడు మాత్రం నేను నవ్వలేదు.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒకనాడు పెద్దాయన చెప్పాపెట్టకుండా బస్సెక్కి యూనివర్సిటీకి వచ్చేశాడు. పెద్ద గేటు నుంచి మా వరండా దాకా ఆ ఎండలో నడిచే వచ్చాడు. తలమీద తువ్వాలు వేసుకున్న ముసలాయన్ను చూసి ఎవరూ దాత అనుకోలేదు. అక్క తన స్టూలు ఆయనకిచ్చి, తన సీసాలో నీళ్లిచ్చి, తాను మెట్టు మీద కూర్చుంది. మేం క్లాసులు ముగించుకుని వచ్చేసరికి ఇద్దరూ చాలాసేపటి నుంచి మాట్లాడుకుంటున్నారు. అక్క ఆయనకు ఏమేం చెప్పిందో నాకు తెలియదు. అన్నీ చెప్పి ఉంటుంది.

ఆయన వచ్చాడని తెలిసి వీసీ గారు స్వయంగా కిందికి దిగి వచ్చారు. శాలువా తెప్పించారు. పెద్దాయన శాలువాను మడిచి ఒళ్లో పెట్టుకుని, చిన్న కోరిక ఒకటి ఉందన్నాడు. భవనం సంగతి కావచ్చనుకుని అందరం ముందుకు వంగాం. ఆయన అక్క వైపు చూపించాడు.

"ఈ పాపకు రెండు వారాలు సెలవియ్యండి. కాళ్లు నొప్పి పెడతాండాయంట."

దాత కోరిక కాబట్టి వీసీ గారు అక్కడికక్కడే మంజూరు చేశారు. బదులు మనిషిని పంపబోతే, పెద్దాయన అక్కర్లేదని మర్యాదగా అడ్డుకున్నాడు. అక్క ఆ సాయంత్రం సీసా, టిఫిన్ డబ్బా సర్దుకుని, "నేను ల్యాకుంటే మీరేమైపోతారో మేడం" అని నవ్వుకుంటూ బస్సెక్కింది.

మొదటి మూడు రోజులు ఏమీ కాలేదు. లేఖలు రాయడం ఆగలేదు గానీ అవి బల్లల మీదే పేరుకున్నాయి. నాలుగో రోజు ఉదయం పదింటికి ఇంటర్నల్ పరీక్ష. పెద్ద హాలు తమకే కేటాయించుకున్నామని మా సార్ రాసిన లేఖ మా సార్ బల్ల మీద ఉంది. అదే హాలు తమదని పక్క సార్ రాసిన లేఖ పక్క సార్ బల్ల మీద ఉంది. రెండు విభాగాల పిల్లలూ అట్టలు, పెన్నులు పట్టుకుని హాలు తలుపు ముందు నిలబడ్డారు. ఇద్దరు ప్రొఫెసర్లూ వచ్చారు. తలుపుకు ఈ పక్కన ఒకరు, ఆ పక్కన ఒకరు, మధ్యలో ప్రశ్నపత్రాల కట్ట పట్టుకుని నేను.

మా సార్ నా వైపు తిరిగి, హాలు తమదేనని ఆయనకు చెప్పమన్నారు. పక్క సార్ కూడా నా వైపే తిరిగి, తాను ముందే రాశానని ఆయనకు చెప్పమన్నారు. వాళ్లిద్దరికీ మధ్య దూరం రెండడుగులు ఉంటుంది. ఇద్దరి మాటలూ ఇద్దరికీ వినిపించాయి. అయినా నేను చెప్పాలి. ఆ నెలలోనే నా కాంట్రాక్టు పొడిగింపు కాగితం మా సార్ సంతకానికి వెళ్లాల్సి ఉంది. పిల్లలు నా వైపే చూస్తున్నారు. వాళ్లలో సగం మందికి ఆ సంభాషణ పేపరు చెప్పింది నేనే.

నాకు ధైర్యం వచ్చిందని అనను. సిగ్గేసింది. "మీరే చెప్పండి సార్" అన్నాను. నా గొంతు నాకే వినిపించలేదు. మళ్లీ అన్నాను. ఆ తర్వాత ప్రశ్నపత్రాల కట్ట కిటికీ గట్టు మీద పెట్టి పక్కకు జరిగాను.

కాసేపు ఇద్దరూ నేను ఖాళీ చేసిన చోటు వైపు చూస్తూ ఉండిపోయారు. మొదట మాట తూలింది పక్క సార్. నీకు ఎప్పుడూ ఇదే అలవాటు, అన్నీ నీకే కావాలి అన్నారు. నాలుగేళ్ల తర్వాత ఆయన మా సార్‌తో అన్న మొదటి మాట అది. మా సార్ అంతకన్నా గట్టిగా అందుకున్నారు. ఫిల్టరు వచ్చింది, ప్రొజెక్టర్ వచ్చింది, ఎప్పుడో స్కూటర్‌కు పెట్రోలు ఎవరు పోయించేవాళ్లన్న సంగతీ వచ్చింది. పై అంతస్తు వాళ్లు మెట్ల మీదికి వచ్చి నిలబడ్డారు. పిల్లలు ఒక్కరూ కదల్లేదు. మేం క్లాసులో చూపించే వీడియోల మీద ఎప్పుడూ అంత శ్రద్ధ కనబరచలేదు వాళ్లు.

ఉన్నట్టుండి పక్క సార్ గొంతు తగ్గిపోయింది.

"మా యమ్మ సచ్చిపోతే కూడా రాలేదు గదరా నువ్వు. నీకు ఎన్నితూర్లు అన్నం పెట్టింది."

 మా సార్ నల్లబడిన ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. "వచ్చినా. గేటు దాకా వచ్చినా. నువ్వు వాకిట్లో కూర్చోనుండావు. లోపలికి వచ్చేదానికి మొగం చెల్లలేదు" అన్నారు. అప్పటిదాకా క్లాసుల్లో, సమావేశాల్లో పుస్తకం లాగా మాట్లాడే మనిషి, ఆ మాట మాత్రం తన ఊరి మాటలో అన్నారు.

ఇద్దరూ కౌగిలించుకోలేదు. పక్క సార్ కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని, "టైమ్ అయితాండాది" అన్నారు. బెంచీకి ఆ విభాగం పిల్లవాణ్ని ఒకణ్ని, ఈ విభాగం పిల్లను ఒకతెను కూర్చోబెట్టి ఒకే హాల్లో పరీక్ష జరిపాం. కాపీ కొట్టే అవకాశం కూడా లేకుండా పోయిందని పిల్లలు తర్వాత వాపోయారు.

ఆ మధ్యాహ్నం నేను మా చెల్లెలికి ఫోన్ చేశాను. బుక్కరాయసముద్రంలో మా నాయన కొన్న ఇంటి స్థలం దగ్గర మాట పట్టింపు వచ్చి మూడేళ్లయింది. తప్పు ఎవరిదో చెప్పాలంటే ఇప్పటికీ నేను నావైపే చెబుతాను. అది ఫోన్ ఎత్తి, కంగారుగా, "ఎవరు పోయినారక్కా?" అంది. ఎవరూ పోలేదని చెప్పాను. మరి ఎందుకు చేశావంది. ఊరికే చేశానన్నాను.  తర్వాత అది, "అన్నం తింటివా?" అని అడిగింది. తిన్నానన్నాను. స్థలం సంగతి ఇంకా తేలలేదు.

పెద్దాయన మాట నిలబెట్టుకున్నాడు గానీ యూనివర్సిటీ ఆశించినట్టు కాదు. భవనం వద్దన్నాడు. గుండ్రటి మందిరం, ఫౌంటెన్ కాగితం మీదే ఉండిపోయాయి. ప్రతినెలా రెండు విభాగాల పిల్లలూ కలిసి ఒక ఊరికి వెళ్లిరావడానికి బండి, తిండి తన ఖర్చన్నాడు. కూర్చోవడానికి పెద్ద జంపఖానా ఒకటి తానే కొనిచ్చాడు. ఏటా ఇద్దరు ఆడపిల్లల చదువు చూసుకుంటానన్నాడు. కనీసం శిలాఫలకమైనా పెట్టనివ్వమని వీసీ గారు బతిమాలారు. రాయి వద్దని, దాని దుమ్ము తుడిచే పని మళ్లీ అక్క మీదే పడుతుందని ఆయన చెప్పాడు. చివరికి ఒక ఫ్లెక్సీతో సరిపెట్టారు. అందులో అమ్మగారి బొమ్మ కింద "శాంతస్వరూపిణి" అని వేశారు. పెద్దాయన దాన్ని చూసి చాలాసేపు నవ్వాడు. ఆ తర్వాత తువ్వాలుతో కళ్లు ఒత్తుకున్నాడు.

మొదటిసారి వెళ్లింది తనకల్లు మండలంలో ఒక చిన్న ఊరికి. అన్నదమ్ముల కుటుంబాలు రెండు, చేనికి పోయే బండిదారి దగ్గర మాటలు మానుకున్నాయి. పిల్లలు ప్రశ్నావళి పట్టుకుని దిగారు. మీరు ఏ పార్టీవాళ్లని మమ్మల్ని ఒకాయన అడిగాడు. శనక్కాయల పంటకు బీమా రాయడానికి వచ్చామనుకుని ఇంకొకాయన పాసు పుస్తకం తెచ్చాడు. వేపచెట్టు కింద జంపఖానా పరిచి కూర్చున్నాం. ఇంటి పెద్దకోడలు ఉడకబెట్టిన శనక్కాయలు తెచ్చి పెట్టింది. అది చూసి చిన్నకోడలు మజ్జిగ తెచ్చింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. ఎవరింట్లో భోజనం చేయాలన్న దగ్గర మాత్రం మా పిల్లల మీదుగా చాలాసేపు వాదించుకున్నారు. పిల్లలు రెండు ఇళ్లలోనూ తినాల్సి వచ్చింది. బండిదారి గురించి ప్రశ్నావళిలో ఒక్క గడీ నిండలేదు.

ఆ ఏటి వార్షిక నివేదికలో "తనకల్లు మండలంలో ఒక సంఘర్షణ విజయవంతంగా పరిష్కరించబడినది" అని వచ్చింది. నేను రాసింది "పరిష్కరించుటకు ప్రయత్నించబడినది" అని. మార్చింది ఎవరో ఇప్పటికీ తెలియదు.

నెల తర్వాత ఆ ఊరి చిన్నకోడలు మా విద్యార్థుల్లో ఒకమ్మాయికి ఫోన్ చేసింది. బండిదావ సంగతి ఏమీ తేలలేదని, మీరు వచ్చిన్నాడు మాత్రం బాగుండెనని, మళ్లీ ఎప్పుడొస్తారని అడిగింది. ఈసారి వచ్చేటప్పుడు ముందుగా చెప్పమంది. ఆ రోజు తన మజ్జిగ తక్కువైందని తోడికోడలు ఊళ్లో చెబుతోందట.